సామోవాడు ఎత్తుకెళ్ళిన మూట

ఆ ఏడు మా అత్త నొపోకో మాటకు అడ్డు చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. అతను మా ఇంటివాడు కాదు, మా తెగవాడు కూడా కాదు. గాడిదబండి తోలుకునే తోయె. సామోవాడు.

మోసీలమైన మాకూ, ఆ సామోలకూ తాతల నాటి నుంచీ ఎగతాళి వరస. ఎదురుపడితే వాళ్ళు మమ్మల్ని బానిసలంటారు, మేము వాళ్ళని బానిసలంటాం. పెళ్ళిలో అన్నా, శవం పక్కన అన్నా కోపం తెచ్చుకోకూడదు. వాళ్ళు మన ఇంట్లో వస్తువు పట్టుకుపోతే బతిమాలుకుని, ఏదో ఒకటి చేతిలో పెట్టి తెచ్చుకోవాలి గాని లాక్కోకూడదు. లాక్కుంటే ఇంటికి అరిష్టం. బావామరదళ్ళ సరసానికైనా ఎక్కడో ఒక హద్దుంటుంది, దీనికి ఉండదు.

ఎండాకాలమంతా నేనూ నా పెనిమిటి బూరెయిమా మెట్టమీద గుంటలు తవ్వాం. ఆ నేలను చూసి ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. పైన పెంకులా గట్టిపడిపోయింది. వాన పడితే నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, గుద్దలి వేస్తే ఖంగుమంటుంది. కాని మా పుట్టింట్లో నాన్న అలాంటి నేలలోనే జొన్న పండించేవాడు. నేను మూడో తరగతిలో బడి మానేసిన దాన్ని. పుస్తకంలోది ఏదీ గుర్తులేదు గాని నాన్న వెనక తిరిగినదంతా గుర్తుంది. సంకటి గిన్నె పట్టేంత గుంట తవ్వాలి. అందులో రెండు దోసిళ్ళ పేడ ఎరువు వెయ్యాలి. ఎరువు కోసం చెదలు వచ్చి కింద నేలను గుల్ల చేస్తాయి. పడిన వాన ఆ గుంటలో ఆగి, చెదల దారిన లోపలికి దిగుతుంది. వాలుకు అడ్డంగా రాళ్ళు పేర్చితే పైనుంచి జారే నీళ్ళు కూడా పరిగెత్తకుండా నెమ్మదిగా వస్తాయి.

గుంటలు తవ్వడానికి అత్త అడ్డు చెప్పలేదు. మీ ఒళ్ళు, మీ నొప్పులు అని ఊరుకుంది. పేచీ విత్తనం దగ్గర వచ్చింది.

మాకు ఉన్న విత్తనం రెండు మూటలు. తెల్లజొన్న, బూడిద కలిపి దాచింది. తొలివానకు ఒక మూట చల్లి, వానలు కుదురుకున్నాక రెండోది గుంటల్లో వేద్దామని నా ఆలోచన. ఒకటి పోతే ఒకటి ఉంటుంది. అత్త మాత్రం తొలివాన పడిన మర్నాడే రెండు మూటలూ వాగు పక్క ఇసుక పొలంలో పడాలంది. మా మామ, ఆయన తండ్రి, అందరూ విత్తింది అక్కడే.

"మూటలో కూచున్న విత్తనం పిల్లల్ని పెడుతుందా?" అంది.

తొలివాన మాట మీద నిలబడే రకం కాదని, వెనక వాన రాకపోతే మొలకలు మాడిపోతాయని నేను నసిగాను. అత్త ఉల్లికాడలు తరుగుతున్న చెయ్యి ఆపలేదు.

"ఒక ఏడు మీ మామ కూడా నీలాగే రెండో వాన కోసం ఆగాడు. వానలు ముందే వెళ్ళిపోయాయి. కంకి వచ్చింది, గింజకు పాలు పట్టలేదు. ఆ ఏడు నేను ఎవరిని పాతిపెట్టుకున్నానో నీకు తెలియదు."

బూరెయిమాని అడిగితే తల్లి మాట తీసేసిన కొడుకుగా తనకు ఊళ్ళో తలెత్తుకునే చోటుండదన్నాడు. అదీ నిజమే. కాని నా వీపున నా చంటిపిల్ల అజెతా ఉంది. అంతకు కిందటి వారమే ఆరోగ్య కేంద్రంలో పిల్ల ఎంత చిక్కిందో తెలియడానికి దాని చేతికి రంగుల పట్టీ చుట్టి చూశారు. పసుపు దగ్గర ఆగింది. పసుపు పక్కనే ఎరుపు. నర్సమ్మ ఏదో చెబుతోంది గాని నేను ఆ ఎరుపునే చూస్తూ ఉన్నాను. రెండు మూటలూ ఒకేసారి ఇసుకలో పోతే మళ్ళీ విత్తడానికి గింజ ఎక్కడినుంచి వస్తుంది? అప్పు అడగడానికి పక్కింట్లో ఉంటే కదా.

ఆఖరి బండి పేడ తోలడానికి తోయె వచ్చిన రోజు అతనికి పిండినీళ్ళు కలిపి ఇచ్చాను. గుటగుటా తాగి, మూతి తుడుచుకుని, బానిసల ఇంట్లో ఇంతకంటే ఏం దొరుకుతుందిలే అన్నాడు. మామూలుగా అయితే నేనూ ఒకటి తగిలించేదాన్ని.

"ఏమే జలిస్సా, నాలిక ఎక్కడ పెట్టి మరిచిపోయావు? మీ అత్త సంతలో అమ్మేసిందా?"

"నీతో ఒక పనుంది."

"బానిస యజమానికి పని చెప్పడం ఇప్పుడే వింటున్నా."

మూటల సంగతి మొత్తం చెప్పి, విత్తే రోజున వచ్చి ఒక మూట మీద పడుకుని లేవకుండా ఉండమన్నాను. అతను సొరబుర్రలో అడుగున మిగిలిన పిండిని వేలితో గీరి నాకుతూ విన్నాడు.

"అంటే నన్ను దొంగతనం చెయ్యమంటున్నావు."

"నీకేమన్నా కొత్తా?"

పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు అజెతా ఉలిక్కిపడి నా వీపులో మొహం దాచుకుంది. అత్త చేతిలో రోకలి ఉండగా మాత్రం తను ఆ ఛాయలకు రానని చెప్పి బండెక్కాడు. సరేనన్నాడో, లేదన్నాడో నాకు తెలియలేదు.

తొలివాన పట్టపగలే వచ్చింది. ముందు ఎర్రటి దుమ్ము గోడలా లేచింది, దాని వెనక పెద్ద పెద్ద చినుకులు. కాసేపు దంచి కొట్టి ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఊరి నేలకు పెద్ద అయిన ముసలాయన తన పొలంలో మొదటి గింజ వేశాడని కబురొచ్చింది. ఆయన వేస్తే ఇక ఎవరైనా వెయ్యవచ్చు. గుద్దళ్ళు భుజాన వేసుకుని జనం మా వాకిలి ముందునుంచే వెళుతున్నారు. అత్త రెండు మూటలూ బయట పెట్టింది. బూరెయిమా గుద్దలి పిడి బిగిస్తున్నాడు.

తోయె ఎటునుంచి వచ్చాడో చూడలేదు. వచ్చి, ఒక మూట మీద తల పెట్టుకుని వాకిట్లో అడ్డంగా పడుకున్నాడు.

"లేరా, కుక్కమాంసం తినేవాడా," అంది అత్త.

"బడలికగా ఉందే ముసలీ. నా బానిసలు తలగడ కూడా సిద్ధంగా పెట్టారు. ఎంత మర్యాద నేర్చారు."

"అది విత్తనం."

"నా బానిస విత్తనం నాది కాకపోతే ఎవరిది?"

దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. ముసలిదాన్ని పట్టుకున్నాడురోయ్ అని ఎవరో అన్నారు. అత్త లోపలికి వెళ్ళి దోసెడు వేరుశనక్కాయలు తెచ్చి అతని పొట్టమీద పోసింది. పడుకునే వలుచుకు తిన్నాడు, లేవలేదు. మర్యాదకు ఇచ్చే వగరు కోలా కాయ తెచ్చి ఇచ్చింది. అది జేబులో వేసుకున్నాడు. ఇక లేస్తాడనుకుని అత్త మూటకోసం చెయ్యి చాపింది. లేచాడు. లేస్తూనే మూట భుజాన వేసుకుని, వాకిలి దాటి, బండిలో పడేసి, గాడిదను అదిలించాడు.

ఇది నేను చెప్పినది కాదు. పడుకోమన్నాను, అంతే. ఎత్తుకుపొమ్మనలేదు.

జనం విరగబడి నవ్వుతున్నారు. అత్త బండి మలుపు తిరిగేదాకా చూసి, తర్వాత ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను పిల్ల ముక్కు తుడుస్తూ ఉన్నాను.

"ఉన్నదే పట్టండి," అని ఇసుక పొలం వైపు నడిచింది.

జొన్న మొలిచింది. పొలం అంచున నిలబడి చూస్తే లేతగా, వరసగా, ఎంత బాగుందో. ఆ రోజుల్లో అత్త నడకలో కొంచెం ఊపు వచ్చింది. నాకు సిగ్గేసింది. మా నాన్న మాటలు మా నాన్న ఊరికే పనికొస్తాయేమో అనుకున్నాను.

తర్వాత వాన రాలేదు. పొద్దున మబ్బు పట్టేది, మధ్యాహ్నానికి వేడిగాలి దాన్ని తరిమేసేది. మొలకల అంచులు ముందు పసుపు తిరిగాయి, తర్వాత ఆకు చుట్టుకుపోయింది, తర్వాత గాలి ఇసుకను తెచ్చి వాటిమీద పోసింది. అత్త రోజూ వెళ్ళి వచ్చేది. ఒకరోజు వెళ్ళడం మానేసింది.

అప్పుడు మొదలైంది నా భయం. మా ఇంటి ఏడాది తిండి మొత్తం ఇప్పుడు నవ్వడం తప్ప ఏదీ పట్టని మనిషి ఇంట్లో ఉంది. అతనికి నలుగురు పిల్లలు. అది ఊళ్ళో గాదెలన్నీ అడుగంటే కాలం. రేపు కావాలంటే విత్తనం తినేశామే బానిసా అని నవ్వినా నేను నవ్వాల్సిందే. ఎవరికి చెప్పుకుంటాను, పురమాయించింది నేనే కదా.

ఉప్పు అడిగే వంకన వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మలుపు దగ్గరికి రాగానే రోకటి చప్పుడు వినబడింది. ఆ రోజుల్లో రోకటి చప్పుడు వినిపించే ఇళ్ళు తక్కువ. వాకిట్లో తోయె పెళ్ళాం ఫిలొమెన్ దంచుతోంది. తోయె గడపలో కూచుని తాడు పేనుతున్నాడు.

"రావే రా. మీ గింజ దంచితే ఎంత తెల్లగా వస్తోందనుకున్నావు. ఆ బూడిద వాసనే ఓ పట్టాన పోవడం లేదు," అన్నాడు.

నవ్వాలి. వరస ప్రకారం నేను నవ్వి, దానికి తగినది ఒకటి అనాలి. అక్కడే కూలబడ్డాను. ఏడుపు వచ్చేసింది. నన్ను చూసి అజెతా మొదలెట్టింది.

ఫిలొమెన్ రోకలి వదిలేసి వాళ్ళ భాషలో మొగుణ్ణి ఏదో అంది. నాకు అర్థం కాకపోయినా తిట్టని తెలిసింది. నా చెయ్యి పట్టి లేపి రోటి దగ్గరికి తీసుకెళ్ళింది. రోట్లో ఎండిన ఆకు ఉంది. ఉత్త ఆకు, పచ్చటి పొడి.

తోయె లోపలికి రమ్మన్నాడు. పొయ్యికి పైన దూలానికి మా మూట వేలాడుతోంది. ముడి నేను వేసినదే. మా పుట్టింటి ముడి, ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. మూటకు కింద, పొయ్యి పక్కన, నలుగురు పిల్లలు ఒకే గిన్నె చుట్టూ కూచుని ఆకుజావ తాగుతున్నారు. చిన్నది మా అజెతా కంటే ఏమంత పెద్దది కాదు. గిన్నె ఖాళీ అయ్యాక వేళ్ళు నాక్కుంటూ నన్ను చూసింది.

"ఎలుకలు అందుకోకుండా పైన కట్టాను," అన్నాడు తోయె. "పొగ తగులుతూ ఉంటే పురుగు పట్టదు."

అంతే అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఉంటే తల గోక్కుని, కొంచెంసేపు అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ ఏడ్చావని ఎవరితోనూ అనకు. సామోవాడి ఇంట్లో మోసీ ఏడ్చిందంటే నేను సరిగ్గా వేళాకోళం చెయ్యలేదంటారు."

ఫిలొమెన్ ఉప్పు ఆకులో చుట్టి ఇచ్చింది. ఉప్పు అడిగానన్న సంగతి నేనే మరిచిపోయాను. ఇంటికి వచ్చేదాకా ఆ చిన్నదాని వేళ్ళే కళ్ళముందు. దానికి తలెత్తితే కనిపించే ఎత్తులోనే ఉంది మూట.

రెండో వాన గాలీ దుమ్మూ లేకుండా వచ్చింది. పొద్దున మొదలైన ముసురు సాయంత్రం దాకా వదల్లేదు. నేలకు పట్టే వాన. మర్నాడు ఇంకా చిటపట పడుతూండగానే తోయె వచ్చాడు. తన చొక్కా విప్పి మూటకు కప్పి, తను ఒట్టి ఒంటితో తడుస్తూ వచ్చాడు.

"ఇదిగో మీ తలగడ. దీనిమీద పడుకుని మెడ పట్టేసింది. బానిసల సామాను ఎప్పుడూ ఇంతే."

అత్త మూట అందుకుని తడిమి చూసింది. ముడి చూసింది. ఇసుక పొలానికే అంటుందనుకున్నాను. ఆమె తోయె ముందే నన్ను అడిగింది.

"గుంటల్లో నీళ్ళు ఆగాయా?"

"ఆగాయత్తా."

"చెయ్యి పెట్టి చూశావా?"

పొద్దున్నే వెళ్ళి చూశానని, వేళ్ళు మొదలుదాకా మెత్తగా దిగాయని చెప్పాను.

అత్త మూట నెత్తిన పెట్టుకుని మెట్టదారి పట్టింది. నేనూ బూరెయిమా ఒకరి మొహాలు ఒకరం చూసుకుని వెనకే వెళ్ళాం. ఆ రోజంతా ముగ్గురం వంగి విత్తాం. గుంటలో నాలుగు గింజలు వేసి, కాలి బొటనవేలితో మట్టి కప్పడం. వరసల మధ్య నేను బొబ్బర్లు పెట్టాను. అత్త ఒకటి రెండుసార్లు ఆగి, గుంటలోంచి ఎరువు పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసింది.

ఆ తర్వాత కూడా వానల మధ్య ఎడం వచ్చింది. పక్క పొలాల్లో మళ్ళీ విత్తినవాళ్ళవి వాడాయి. మా గుంటల్లో పైమట్టి ఎండినా వేలితో గీకితే అడుగున చల్లగా తగిలేది. బొబ్బర్లు ముందు కాశాయి. పచ్చికాయలు ఉడకబెట్టి, మెదిపి, అజెతా నోట్లో పెట్టడం మొదలెట్టాను. ఉమ్మేయకుండా మింగింది. ఇంకా కావాలని నా చెయ్యి పట్టుకు లాగింది.

జొన్న పొట్టకొచ్చి, కంకి బయటపడే వేళకు అత్త భయపడినదే జరిగింది. వానలు ముందే వెళ్ళిపోయాయి. ఆకాశం తెల్లగా, ఎక్కడా మచ్చలేకుండా అయిపోయింది. అత్త నాతో పాత మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో. రోజూ మెట్టకు వెళ్ళి, ఒక కంకినుంచి ఒక గింజ వలిచి గోటితో నొక్కేది. పాలు చిమ్మేవి. మళ్ళీ మర్నాడు వెళ్ళేది. గుంటల కింద ఉన్న తడి గింజ గట్టిపడేదాకా ఆగుతుందా లేదా అన్నదే ఇక మిగిలింది. ఆ తడికి మేము చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను పిట్టల్ని తోలుతూ అక్కడే కూచునేదాన్ని.

ఒక పొద్దున ఆమె గింజను గోటితో నొక్కింది, దిగలేదు. పళ్ళ మధ్య పెట్టి కొరికింది. కటుక్కుమన్న చప్పుడు గట్టుమీద కూచున్న నాకు కూడా వినబడింది. ఇంకొక కంకి దగ్గరికి వెళ్ళి కొరికింది. తర్వాత పక్క వరసలో. ఆమె అలా వరస వెంట కొరుక్కుంటూ పోతుంటే నేను లేచి నిలబడటం కూడా మరిచిపోయాను.

"గట్టిపడింది," అంది తిరిగి వచ్చి. ఆమె పెదవి మీద పిండి అంటుకుని ఉంది.

కోతల్లో మొదటి కంకులు పెద్దల ఇంటికి పోవాలి, పోయాయి. రెండో గంప నింపి అత్త నా నెత్తిన పెట్టింది. ఎక్కడికో చెప్పకుండా ముందు నడిచింది. తోయె వాకిట్లో గాడిద డెక్కలు చూస్తున్నాడు. మమ్మల్ని చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం ముసలీ, పన్ను కట్టడానికి వచ్చావా?"

"యజమాని మేపకపోతే బానిసల్ని ఎవడు మేపుతాడు? దించుకో."

తోయెకు మాట దొరక్కపోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. నేను చూశాను. రెండు చేతులతో నా నెత్తిమీది గంప దించుకుని, లోపలికి తిరిగి ఫిలొమెన్‌ని పిలిచాడు. ఆమెకంటే ముందు పిల్లలు వచ్చారు.

తిరిగి వస్తుంటే దారిలో అత్త జొన్నగింజ ఒకటి నములుతూ ఉంది. మా వాకిలి కనబడుతూండగా అడిగింది.

"వచ్చే ఏడు వాడిచేత ఏ మూట దొంగతనం చేయిస్తావు?"

ఎప్పుడు తెలిసిందత్తా అన్నాను.

"వాడికి సొంతంగా అంత ఆలోచన ఎక్కడిది," అంది. "నేను ఇంటికి పెద్దదాన్ని. అందరిముందూ అన్నమాట మింగలేను. వాడు ఎత్తుకుపోతే నా తప్పు కాదు కదా." నమిలిన పొట్టు పక్కకు ఉమ్మింది. "ఇంతకీ ఏ మూట?"

"ఇసుక పొలానిది," అన్నాను. "గుంటలకైతే తొలివానకే వేసెయ్యొచ్చు. అవి తట్టుకుంటాయి."

"అయితే గుంటలు ఇంకా కావాలి. ఎండలు ముదరకముందే మొదలుపెట్టమను నా కొడుకుని."

అని నడక పెంచింది. ఖాళీ గంప చంకలో పెట్టుకున్నాను. వీపున అజెతా నిద్రపోయి కిందికి జారుతోంది, ముందులా లేదు, బరువెక్కింది. పైకి ఎగదోసుకుని, గుడ్డ బిగించి కట్టుకుని, అత్త వెనక నడిచాను.